నాయనమ్మ ముట్టని జొన్నరొట్టె

మా ఆఫీసు క్యాంటీన్లో జొన్నరొట్టె పెట్టిన రోజు లైను పెద్దగా ఉంటుంది. హెల్దీ అట. మా నాయనమ్మ మాత్రం దాన్ని ముట్టదు. పాలమూరు పల్లెలో, చిన్నప్పుడు మూడు పూటలా అదే తిండి. “మా అమ్మను మింగింది ఆ రొట్టెనే బిడ్డా” అంటుంది. ఎండాకాలం కూలికి పోతే వాళ్ళమ్మ చేతులు కాలినట్టు నల్లబడేవట. మెడచుట్టూ పట్టీలా మచ్చ. తర్వాత విరేచనాలు. ఆఖరికి మతి తప్పింది. ఊళ్ళోవాళ్ళు గాలి సోకిందన్నారు.

చూడని మనిషికి ఇప్పుడు రోగం పేరు నిర్ణయించలేను, నేను డాక్టర్ని కూడా కాదు. కానీ ఆ మెడ మచ్చకి వైద్యంలో ‘కాసల్ హారం’ అని పేరుంది. 1735లో స్పెయిన్ వైద్యుడు గాస్పర్ కాసల్ మొక్కజొన్న మీద బతికే పేద రైతుల్లో చూసిన జబ్బు అది: పెల్లాగ్రా. అమెరికాలో చాలామంది దాన్ని అంటురోగం అనుకున్నారు. 1915లో జోసెఫ్ గోల్డ్‌బర్గర్ మిసిసిపీలో 11 మంది ఖైదీలకు కొన్ని నెలలపాటు ఎక్కువగా మొక్కజొన్న తిండే పెట్టించాడు. ఆరుగురికి జబ్బు వచ్చింది. లోపం తిండిలో ఉందని తేలింది. ఆ లోపించింది నయాసిన్ అనే విటమిన్ అని తెలియడానికి ఇంకో ఇరవై ఏళ్ళు పట్టింది.

ఈ కథ హైదరాబాదు దాకా వచ్చింది. కూనూరు నుంచి ఇక్కడికి తరలిన పోషకాహార పరిశోధనశాలలో సి. గోపాలన్, ఎస్. జి. శ్రీకంఠయ్య 1960లో, మొక్కజొన్న కాకుండా జొన్న తినేవాళ్ళలోనూ పెల్లాగ్రా వస్తోందని రాశారు. జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ వల్ల శరీరం నయాసిన్‌ని సరిగా వాడుకోలేకపోతోందని వాళ్ళ వాదన. దాని మీద తర్వాత చాలా చర్చ జరిగింది.

నాకు మాత్రం ఆ చర్చలో ఒక మనిషి కనబడదు: పాత గింజలు అడుగంటి, కొత్త పంట ఇంటికి రాని నెలల్లో రొట్టెలోకి కారం తప్ప ఇంకేమీ లేని కూలి మనిషి. పాడీ పప్పూ ఉన్న ఇంట్లో కూడా జొన్నే తిన్నారు. వాళ్ళ మెడకి ఆ హారం పడలేదు. మనం గింజ మీద వేసిన నేరం నిజానికి ఖాళీ గిన్నెది.

1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది. జొన్న పళ్ళెంలోంచి తప్పుకుంది, పెల్లాగ్రా కూడా అరుదైపోయింది. ఇప్పుడు జొన్న తిరిగి వచ్చింది, మా క్యాంటీన్ దాకా.

మొన్న నాయనమ్మ అడిగింది, “రొట్టెలకి ఏం పెడ్తరు?” అని. పప్పు, ఆకుకూర, పెరుగు అని చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు.

“గవన్నీ ఉంటే మా అమ్మ బతికేది.”