పాలమూరు కూలీ: ఒక పేరు చరిత్ర

1955 డిసెంబరులో నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగిన నాటినుండి దేశంలో పెద్ద ఆనకట్ట ఎక్కడ లేచినా, కాలువ ఎక్కడ తవ్వినా, గుత్తేదారుల నోట ఒక పేరు వినిపిస్తూ వచ్చింది: పాలమూరు లేబరు. పాత మహబూబ్‌నగర్ జిల్లానుండి, అనగా 2016 అక్టోబరులో జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మొదలైన జిల్లాలుగా విడిపోయిన ప్రాంతంనుండి, గుంపులు గుంపులుగా వెళ్ళిన మట్టిపని, రాతిపని కూలీలకు అది పేరు. ఆ పేరుతోపాటు ఒక వివరణ కూడ ప్రయాణం చేసింది. పాలమూరు వాడు ఎండకు వెరవడు, ఎంత బరువైనా ఎత్తుతాడు, దొరికినదానితో సరిపెట్టుకుంటాడు, ఎదురు చెప్పడు, ఊరు పట్టి ఉండడు. ఇందులో మెప్పు ఉన్నది, జాలి ఉన్నది, ఒకింత చులకన కూడ ఉన్నది. మూడింటికీ మూలం మాత్రం ఒకటే: అతడు చేసే పనికి కారణం అతని రక్తంలోనే ఉన్నదన్న నమ్మకం.

పరుల నడవడికి మనుషులు కారణాలు ఎట్లా వెదకుతారన్న ప్రశ్నను ఆధునిక మనస్తత్వ శాస్త్రంలో ఒక పద్ధతిగా నిలబెట్టినవాడు ఆస్ట్రియాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఫ్రిట్జ్ హైడర్. ఆయన గ్రంథం 1958లో వెలువడింది. కారణాన్ని మనిషి లోపల చూడడం, అతని చుట్టూ ఉన్న పరిస్థితిలో చూడడం, ఈ రెంటినీ ఆయన వేరు చేశాడు. 1967లో జోన్స్, హారిస్ అనే ఇద్దరు పరిశోధకులు విద్యార్థుల చేతికి క్యూబా నాయకుడు కాస్ట్రోను గురించిన వ్యాసాలు ఇచ్చారు. ఏ పక్షం వహించి వ్రాయాలో వ్రాసినవానికి ముందే ఆజ్ఞాపించబడినదని చెప్పిన తరువాత కూడ, చదివినవారు ఆ అభిప్రాయం కొంతవరకైనా వ్రాసినవానిదేనని ఎంచారు. ఆజ్ఞ కంటికి కనబడదు, అక్షరం కనబడుతుంది. పరిస్థితిని తక్కువగాను స్వభావాన్ని ఎక్కువగాను లెక్కగట్టే ఈ పొరపాటుకు లీ రాస్ 1977లో ఒక పేరు పెట్టాడు. కారణారోపణలో మౌలిక దోషమని దానిని తెలుగులో చెప్పుకోవచ్చు. రెండేళ్ళకు థామస్ పెటిగ్రూ దీనిని సమూహాలకు అన్వయించాడు. పరాయి సమూహంలో చెడుగు కనబడితే అది వారి జాతి లక్షణం. మంచి కనబడితే అదృష్టమో, ఏ ఒక్కరి ప్రత్యేకతయో.

ఈ చర్చ ఇరవయ్యవ శతాబ్దంలోనే పుట్టిందని అనుకోవడం సరికాదు. ట్యునిస్‌లో 1332లో జన్మించిన ఇబ్నె ఖల్దూన్, 1377లో నేటి అల్జీరియాలోని ఒక కోటలో ఏకాంతంగా కూర్చుండి వ్రాసిన ముఖద్దిమాలో ఇటువంటి సందర్భమే ఒకటి ఉన్నది. నల్లజాతుల ఉల్లాస స్వభావానికి కారణమేమని ప్రశ్నించుకొని, పూర్వ చరిత్రకారుడు మస్‌ఊదీ, గాలెన్, అల్ కిందీ పేర్లు చెప్పి, వారి మెదడు బలహీనమైనదని వ్రాశాడు. అది నిరూపణ లేని మాట అని ఇబ్నె ఖల్దూన్ త్రోసిపుచ్చాడు. కారణాన్ని మెదడులోనుండి తీసి వాతావరణంలో పెట్టాడు. ఆ వాతావరణ సిద్ధాంతం కూడ నేటి పరీక్షకు నిలువదు. ఏడు మండలాలుగా భూమిని విభజించి, నడుమ నివసించేవారికి సమశీలమూ అంచుల వారికి అతిశీలమూ కట్టబెట్టడం ఆయన కాలపు పరిమితి. అయినను ఆయన మరొకచోట స్థాపించిన సూత్రం విలువ తగ్గలేదు: మనిషిని తీర్చేది పుట్టుక కాదు, అలవాటు పడిన జీవనోపాధి. ఎడారివాసి ధైర్యాన్ని గాని నగరవాసి సుకుమారాన్ని గాని ఆయన వారి బ్రతుకుతెరువునుండే వివరించాడు.

ఆ సూత్రాన్ని పాలమూరుకు అన్వయించి చూడవలసి ఉన్నది.

కృష్ణ ఈ నేలగుండానే తెలంగాణలో ప్రవేశిస్తుంది. తుంగభద్ర అలంపురం దాటి దానిలో కలుస్తుంది. రెండు మహానదుల నడుమ గద్వాల నడిగడ్డ అయినది. వర్షపాతం మాత్రం సాలుకు సగటున 600 మిల్లీమీటర్ల ప్రాంతం. అదీ వేళకు పడదు. నది లోతున పారుతుంది, పొలం మిట్టన ఉంటుంది. ఇటువంటి నేలలో చెరువే ఆధారమని పూర్వులు ఎరిగినదే. వనపర్తి సంస్థానంలో సప్తసముద్రాలని పేరుపడిన ఏడు చెరువులు, వాటిలో శ్రీరంగాపురం దేవాలయం ప్రక్కన ఉన్న రంగసముద్రం, ఈనాటికీ సాక్ష్యం. ఆ కట్టలకు మట్టి మోసినవారి వారసులే తరువాత పరరాష్ట్రాల ఆనకట్టలకు మట్టి మోశారు. స్వభావమే కారణమైతే, చెరువు నిండిన కాలంలో ఊరు పట్టి ఉన్న ఆ వంశాలే చెరువు పూడిన కాలంలో ఊరు విడిచినందుకు సమాధానం దొరకదు.

హైదరాబాదు రాజ్యం నాడే ఎగువ కృష్ణనుండి ఈ తాలూకాలకు నీరు తేవాలన్న యోచనలు ఉండేవి. 1956లో ఆ రాజ్యం మూడు ముక్కలై మూడు రాష్ట్రాలలో కలిసిపోగా అవి కాగితం మీదనే మిగిలిపోయాయి. కృష్ణా జలాలపై బచావత్ ట్రిబ్యునల్ 1973లో నివేదిక ఇచ్చినప్పుడు, రాజ్యం విభజింపబడి ఉండకపోతే ఈ ప్రాంతానికి సాగునీరు దక్కేదన్న సంగతిని గుర్తించి, జూరాలకు 17.84 టి.ఎం.సి.లు కేటాయించింది. జూరాలకు శంకుస్థాపన 1981లో, జలాశయంలో నీరు నిలిచినది 1990 దశకం నడుమ. తుంగభద్రపై రాజోలిబండ మళ్ళింపు పథకం క్రింద అలంపురం, గద్వాల భూములకు 87,500 ఎకరాల ఆయకట్టు లెక్కలలో ఉన్నది; కాలువ చివరి రైతుకు దానిలో చేరినది స్వల్పం. ఇక శ్రీశైలం. 1980ల ఆరంభంలో ఆ జలాశయం నిండినప్పుడు కొల్లాపురం వైపు కృష్ణాతీర గ్రామాలు మునిగాయి. దేశానికి ఆనకట్టలు కట్టి ఇచ్చిన జిల్లాలోనే ఆనకట్ట నీటికి ఇళ్ళు పోగొట్టుకున్నవారు ఉన్నారు.

వీటిలో ఏదీ దూరాన ఉన్న గుత్తేదారుకు కనబడదు. అతనికి కనబడేది తట్ట ఎత్తుకున్న మనిషి మాత్రమే. ఆ మనిషి ఎట్లా వచ్చాడన్నది మేస్త్రీకి తెలుసు. పంట తీసిన తరువాత, లేదా పంట ఎండిన తరువాత, పెండ్లి ఖర్చుకో పాత అప్పుకో చేతిలో పైసా లేని వేళ మేస్త్రీ ఊళ్ళోకి వచ్చి బయానా ఇస్తాడు. ఆ బయానా తీరేవరకు మనిషి, అతని భార్య, ఒక్కొక్కప్పుడు పిల్లలు కూడ మేస్త్రీ లెక్కలో ఉంటారు. తిండిబత్తెం దానిలోనే కోత. లెక్క తేలేది పని ముగిసినప్పుడే, తొలకరికి ఊరు తిరిగి వచ్చే ముందు. ఆ లెక్క వ్రాసేదీ మేస్త్రీయే. ఇటువంటివాడు ఎదురు చెప్పడంటే అది వినయమా? నడుమ పని మానితే బయానా నెత్తిన ఉంటుంది, సంపాదించినది పోతుంది. దొరికినదానితో సరిపెట్టుకోవడం తృప్తి కాదు, లెక్క తేలకపోవడం. మెప్పుగా చెప్పుకున్న గుణాలలో సగం ఈ ఒక్క ఏర్పాటులోనే వివరించబడతాయి. అంతర్రాష్ట్ర వలస కార్మికుల కొరకు 1979లో పార్లమెంటు చట్టం చేసింది. దాని ప్రకారం గుత్తేదారు లైసెన్సు పొందవలసి ఉండేది, కూలీలకు పాసు పుస్తకాలు ఇవ్వవలసి ఉండేది. అక్షరం రాని మనిషికి, వేలిముద్రకు అలవాటుపడిన మేస్త్రీకి నడుమ ఆ పుస్తకం ఎంత దూరం నడిచిందో ఊహించడం కష్టం కాదు.

పరుల దృష్టి ఒకవైపు. ఆ దృష్టి తగిలిన మనిషి తన్నుతాను ఏమనుకుంటాడన్నది మరొకవైపు. ఎదుటివారి కండ్లు అద్దమనీ, ఆ అద్దంలో కనబడిన తన రూపమే మనిషికి తానుగా తోస్తుందనీ అమెరికా సమాజ శాస్త్రజ్ఞుడు చార్లెస్ కూలీ 1902లో వ్రాశాడు. (ఆయన ఇంటిపేరు మన వ్యాసంలోని మాటతో కలియడం యాదృచ్ఛికం.) ఈ అద్దాన్ని పగులగొట్టిన ఉదాహరణ ఒకటి గద్వాల సీమలోనే ఉన్నది.

1921 నవంబరులో హైదరాబాదులో జరిగిన ఒక సంఘసంస్కార సభలో అల్లంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో మాట్లాడబోగా సభ్యులు కేకలు వేసి ఎగతాళి చేశారు. ఆ అవమానంనుండి ఆంధ్ర జనసంఘం పుట్టింది. తరువాత కొన్నేళ్ళకు, తెలంగాణలో కవులు పూజ్యమని ముడుంబై వేంకట రాఘవాచార్యులు వ్రాశాడు. గద్వాల సంస్థానంలోని ఇటికాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి (1896–1953) అప్పటికి గోలకొండ పత్రిక సంపాదకుడు. ఆయన తిట్టుకు తిట్టు ఇవ్వలేదు. ఊరూరికీ కబురు పంపి, 354 మంది కవుల వివరాలను, పద్యాలను చేర్చి గోలకొండ కవుల సంచిక ప్రకటించాడు. ఆ నింద తెలంగాణవారి ప్రతిభను గూర్చినది. జవాబు అచ్చుయంత్రాల, పత్రికల, పోషణల కొరతను బయటపెట్టింది. కవులు లేకపోవడం వేరు, కనబడకపోవడం వేరు. ప్రతాపరెడ్డి ఉర్దూ, పారసీ చదువుకున్నవాడు గనుక ఈ ప్రయత్నంలో పరభాషా ద్వేషం కూడ లేదు.

అయితే ఆ 354 మందిలో తట్ట మోసేవాడు లేడు. లెక్కకు రావాలంటే పద్యం వ్రాయగలగాలి. ఈ కొరతను ఆయనే కొంత తీర్చాడనవచ్చు. 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో రాజుల వరుస వెనుకకు జరిగి, జనం తిన్నది, కట్టినది, ఆడినది ముందుకు వచ్చింది. 1955లో తెలుగునకు తొలి సాహిత్య అకాడమీ బహుమానం ఆ గ్రంథానికే దక్కింది. అప్పటికి ఆయన గతించి రెండేళ్ళు. అంతకు ముందు, 1952లో, వనపర్తి ప్రజలు ఆయనను శాసనసభకు ఎన్నుకున్నారు.

కూలీ తన్నుగూర్చి తాను చెప్పుకున్నదేమి? ఇక్కడ హైడర్ విభజన చాలదు. జోన్ మిల్లర్ 1984లో ప్రకటించిన పరిశోధనలో మైసూరు హిందువులను, అమెరికావారిని పోల్చి, పెద్దవారైన కొద్దీ అమెరికావారు స్వభావాన్ని, మైసూరువారు సందర్భాన్ని కారణంగా చెప్పడం పెరుగుతుందని కనుగొన్నది. అట్లయితే సందర్భాన్ని ఎరిగిన ఈ దేశస్థులే పాలమూరు కూలీని స్వభావంతో ఎందుకు వివరించారు? బహుశః సందర్భం చూపే దయ మనవాడనుకున్నవాని వరకే సాగుతుంది. కులమూ దూరమూ అడ్డుపడినచోట ఆగిపోతుంది. ఇక కూలీ నోట వినబడే మాట స్వభావమూ కాదు, సందర్భమూ కాదు. హిందువు నుదుటి రాత అంటాడు, ముసల్మాను నసీబ్ అంటాడు. పీర్ల పండుగకు ఒకే ఊరు చేరి ఒకే అలావా చుట్టూ నిలిచే ఇద్దరికీ ఈ విషయంలో భేదం లేదు. ఆ మాట తప్పును తన మీదనుండి దించింది. నిజమే. మేస్త్రీ మీదనుండి, ప్రభుత్వం మీదనుండి కూడ దించింది.

జిల్లాను దత్తత తీసుకున్నానని ఒక ముఖ్యమంత్రి ప్రకటించిన కాలంలోనే, కరువు వ్యతిరేక పోరాట కమిటీ, పాలమూరు అధ్యయన వేదిక వంటివి వేరు వివరణను ఊళ్ళలోకి తెచ్చాయి. రాత అన్నచోట వాటా అన్న మాట వచ్చింది. కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా ఎత్తిపోతల నీరు చేరిన గ్రామాలలో వలస తగ్గింది. అదే మనుషులు, అదే రక్తం. కాలువలో నీరు వచ్చేసరికి ఊరు పట్టి ఉన్నారు.

ఇప్పుడు తెలంగాణ వరిపొలాలలో నాట్లు వేయడానికి బిహారునుండి, ఉత్తరప్రదేశ్‌నుండి, పశ్చిమ బెంగాల్‌నుండి గుంపులు వస్తున్నాయి. వారికీ మేస్త్రీ ఉన్నాడు. ఎకరాకు ఇంత అని గుత్తకు నాటుతారు, పొద్దు పొడవకముందే మడిలో దిగుతారు. వంగిన నడుము ఎత్తరనీ, ఎంత పనైనా అలవరనీ, బిహారు వాళ్ళంటేనే అంతనీ గట్టుమీద నిలిచిన రైతులు చెప్పుకుంటారు.