గోప్యత

గోప్యం, గుప్తం, గుప్తనిధి: మూడూ సంస్కృత ‘గుప్’ ధాతువు నుంచి వచ్చినవే. ఆ ధాతువుకు మొదటి అర్థం దాచడం కాదు, కాపాడడం. పశువులను కాచే ‘గోప’ శబ్దానికీ దానికీ దగ్గరి చుట్టరికం. కాపాడుకోవలసినదాన్ని నలుగురి కంటా పడనీయం గనుక దాచడమనే అర్థం తర్వాత స్థిరపడింది. తెలుగులో ‘కడుపులో పెట్టుకో’ అంటాం. బయటికి చెప్పకు అనీ, ఆదరించు అనీ రెండర్థాలూ అందులో ఉన్నాయి.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ గోప్యతను రోగి హక్కుగా రాసింది. అంటే అది వైద్యుడో సైకాలజిస్టో దయతలచి ఇచ్చేది కాదు. 115వ సెక్షన్ ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగా చూడమంటుంది, నేరస్థుడిగా కాదు. అనంతపురంలో ఇవి కాగితం మీది మాటలు కావు. వేరుశనగ ఎండి, బోరు ఎండి, అప్పు మాత్రం మిగిలిన రైతు కౌన్సెలింగ్‌కు వెళ్లాడని ఊరికి తెలిస్తే, కూతురి పెళ్లి సంబంధం దగ్గరా అప్పిచ్చినవాడి దగ్గరా మాట పడాలి. ఆ భయం మనిషిని గడప దాటనీయదు.

అయితే ఈ హక్కుకు చట్టమే మినహాయింపులు పెట్టింది. రోగి ప్రాణానికి ముప్పున్నా, మరొకరికి హాని జరిగేలా ఉన్నా చికిత్సకుడు నోరు విప్పవచ్చు, అదీ ఆ హానిని ఆపడానికి కావలసినంతే. ఇంట్లోని పురుగుమందు తీసేయమని ఇంటివాళ్లకు చెప్పడం కాపాడడమే. అప్పుల చిట్టా, ఆలుమగల గొడవలు వాళ్ల ముందు పరచడం మాత్రం చికిత్సకుడి పని కాదు.