బుర్రకథలో హాస్యగాని ప్రశ్న

పగలంతా పొలంలో నడుము వంచి, రాత్రి భోజనాలు ముగించుకొని వచ్చిన జనాన్ని గంటల తరబడి నేలమీద కూర్చోబెట్టడం సామాన్య విషయం కాదు. ఆంధ్రదేశపు గ్రామాలలో ఈ కార్యాన్ని ముగ్గురే మనుషులు సాధించారు. తంబుర భుజాన వేసుకొని, చేతి వేళ్ళకు అందెలు తొడిగిన కథకుడు నడుమ నిలుస్తాడు. అతనికి ఇరుప్రక్కలా డక్కీలతో ఇద్దరు వంతలు. వారిలో ఒకరు హాస్యగాడు, రెండవవారు రాజకీయ వంత.

ఈ కళకు మూలం జంగంకథ. నేడు మనకు పరిచితమైన రూపం 1940వ దశకంలో స్థిరపడింది. 1943లో వెలసిన ప్రజానాట్యమండలి దీనిని చేపట్టింది. సుంకర సత్యనారాయణ రచించిన ‘కష్టజీవి’ ఆనాటి కథలలో ప్రసిద్ధమైనది. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో జన్మించిన షేక్ నాజర్ (1920-1997) ‘పల్నాటి యుద్ధం’ వంటి కథలతో ఈ కళకు పర్యాయపదమైనారు. అప్పటి పాలకులు బుర్రకథను నిషేధించారంటే దాని ప్రభావం ఎంతటిదో ఊహించవచ్చు. అదే నాజర్‌ను 1986లో భారత ప్రభుత్వం పద్మశ్రీతో సత్కరించింది.

ఇంతకూ జనాన్ని పట్టి ఉంచినదేమిటి? గానమూ, వేగమూ, అడుగుల విన్యాసమూ కారణాలే. కాని పాట ఎంత రక్తి కట్టినా ఒకే తీరున సాగితే చెవి అలసిపోతుంది. అది పసిగట్టిన కథకుడు పాట ఆపి వచనంలోకి దిగుతాడు. అదే అదనుగా హాస్యగాడు అడ్డు తగులుతాడు. రాజు పోరుకు వెళితే ఇంట్లో గింజలెవరు కొలుస్తారని అమాయకంగా అడుగుతాడు. రాజకీయ వంత ఆ మాటను అందుకొని నాటి కథను నేటి ధరలకు ముడిపెడతాడు. హాస్యగాడిని కొందరు విమర్శకులు కేవలం వినోదపాత్రగా పరిగణించారు. నాకది సమ్మతం కాదు. శ్రోత మనసులో మెదిలే సందేహాన్ని శ్రోతకంటే ముందుగా పలికేవాడతడు. తన సందేహం వేదికమీద వినిపించినవాడు జవాబు వినకుండా లేచిపోడు. (మా అధికారుల సమావేశాలలో శ్రోతలను నిలిపి ఉంచేది హాజరుపట్టిక మాత్రమే.)

స్వాతంత్ర్యానంతరం ప్రభుత్వమే ఈ కళను ఆశ్రయించింది. 1954లో ఏర్పడి, 2017లో మరొక సంస్థలో విలీనమైన గీత నాటక విభాగం ఇటువంటి జానపద కళలను ప్రచారానికి వినియోగించుకొన్నది.

ఉద్యోగంలో చేరిన తొలినాళ్ళలో, ఒక కార్యాలయం పక్షాన చిన్నమొత్తాల పొదుపుపై జరిగిన బుర్రకథను పర్యవేక్షించే బాధ్యత నాకు అప్పగించారు. ‘అవసరం వచ్చిన రోజున నా డబ్బు నాకెన్నాళ్ళకిస్తారు?’ అని హాస్యగాడు అడగవలసి ఉంది. పథకాన్ని శంకించినట్లుంటుందని పైఅధికారులు ఆ ప్రశ్నను కొట్టివేశారు. దాని జవాబూ దానితోనే పోయింది. కథ సగం కాకముందే చాపలు ఖాళీ కాసాగాయి. తంబుర గుడ్డలో చుట్టుకొంటూ వృద్ధ కథకుడు, ‘మావాణ్ణి అడగనివ్వలేదు గదా బాబూ, వాళ్ళే అడుక్కుంటూ ఇళ్ళకు పోయారు’ అన్నాడు.

ఆ ప్రశ్నను తిరిగి చేర్చేందుకు అనుమతి కోరుతూ మరునాడే పైకి రాశాను. ప్రత్యుత్తరం అందేసరికి జిల్లాలో ప్రదర్శనలన్నీ ముగిశాయి.