రాగిరేకుకు కాపలా

కంప్యూటరు భద్రత గురించి పాఠం మొదలుపెట్టే వారెవరైనా ముందుగా మూడు మాటలు చెబుతారు: రహస్యత, సమగ్రత, లభ్యత. సమాచారం చూడరానివారి కంట పడకూడదు. మధ్యలో ఎవరూ దానిని మార్చకూడదు. కావలసినవారికి కావలసినప్పుడు దొరకాలి. వీటికి ఉదాహరణలు బ్యాంకుల నుంచి తెస్తుంటారు. నాకు మాత్రం వంశధార ఒడ్డునే అంతకన్న మంచి ఉదాహరణ కనిపిస్తోంది. అవి కళింగరాజుల రాగి శాసనాలు.

నరసన్నపేట దగ్గరి కోమర్తిలో దొరికిన చండవర్మ శాసనం సింహపురం నుంచి జారీ అయింది. సింహపురమంటే శ్రీకాకుళం పక్కనున్న నేటి సింగుపురమని చరిత్రకారులు గుర్తించారు. దాని ముద్రమీద ‘పితృభక్తః’ అన్న అక్షరాలున్నాయి. తరువాతి గాంగుల ముద్రలమీద నంది కనిపిస్తుంది. రాజులు మారినా పద్ధతి మాత్రం దాదాపు ఒకటే. దానమిచ్చిన భూమి వివరాలను కొన్ని రేకులమీద చెక్కుతారు. మొదటి రేకు పైవైపు, చివరి రేకు వెలుపలివైపు సాధారణంగా ఖాళీగా వదిలేస్తారు, రాపిడికి అక్షరాలు అరిగిపోకుండా. ప్రతి రేకుకూ ఒక పక్క రంధ్రం. అన్ని రంధ్రాల గుండా ఒక కడియం దూర్చి, దాని రెండు కొసలనూ రాజముద్ర అడుగున అతికేస్తారు.

ఇక్కడ కాస్త ఆగి ఆ కడియం చేసే పనిని గమనించాలి. ఎవడో ఒక ఆశపోతు తన పొలం గట్టును కొంచెం జరుపుకోదలచాడనుకుందాం. సరిహద్దులున్న మధ్యరేకును మాత్రం తీసి, కొత్తది పెట్టాలి. అలా చేయాలంటే కడియం కోయక తప్పదు. కోస్తే మళ్ళీ అతికిన గుర్తు దాగదు. పోనీ, రేకు తీయకుండా అక్షరాలనే సుత్తితో అణగగొట్టి పైన వేరే చెక్కుదామంటే, పాత గీతల జాడలు అడుగున మిగిలిపోతాయి. కొన్ని శాసనాలలో సంవత్సరాన్ని మాటలలోనూ అంకెలలోనూ రాశారు. నేటి చెక్కులో సొమ్మును రెండుసార్లు రాయడం వంటిదే ఇదీ.

1977లో ప్రకటితమైన ఆర్‌ఎస్‌ఏ పద్ధతి ఆధారంగా వచ్చిన డిజిటల్ సంతకమూ చేసేది ఈ పనే. పత్రం మొత్తాన్నీ లెక్కించి ‘హాష్’ అనే చిన్న సారాంశం తీస్తారు; దానిమీద తన రహస్య తాళంతో సంతకం చేస్తారు. లోపల ఒక్క అక్షరం మారినా సంతకం సరిపోదు. మన దేశంలో 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం ఇటువంటి సంతకానికి చట్టబద్ధత ఇచ్చింది. తేడా ఏమిటంటే, డిజిటల్ సంతకాన్ని బహిరంగ తాళం ఉన్న ఎవరైనా సరిచూసుకోవచ్చు. రాజముద్రను సరిచూడాలంటే పక్కన మరొక అసలు ముద్ర ఉండాలి.

రహస్యతమీద మాత్రం ఆ రాజులకు బొత్తిగా పట్టింపు లేదు. గాంగుల శాసనాలు సాధారణంగా ఆ గ్రామంలోని కుటుంబీకులను ఉద్దేశించి పలుకుతాయి. ఊరందరికీ తెలియడమే దానగ్రహీతకు రక్ష! దత్తభూమిని అపహరించినవాడు అరవైవేల ఏళ్ళు పురుగై పడి ఉంటాడన్న శాపం సరేసరి. దొంగకు శాపమంటే భయముండేదో లేదో గాని, ఇరుగుపొరుగంటే తప్పకుండా ఉండేదని నా అనుమానం.

ఇంత జాగ్రత్త ఉన్నా నకిలీలు పుట్టకపోలేదు. ఫ్లీట్ దొర 1901లో దేశంలోని దొంగ శాసనాలకు ఒక జాబితాయే ప్రచురించాడు. వాటిని పట్టిచ్చినది కడియం కాదు, అక్షరాల తీరు. ఆరో శతాబ్దపు రాజుపేర పదో శతాబ్దపు లిపి రాస్తే దొరికిపోక ఏమవుతుంది? మన ప్రాంతపు అసలు శాసనాలు ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకోవడం చూస్తే ముచ్చట వేస్తుంది. గాంగశకం 80 నాటి ఉర్లాం శాసనంలోనూ, 87 నాటి అచ్యుతపురం శాసనంలోనూ లేఖకుడు వినయచంద్రుడే. రాజు మారినా రాసిన చేయి అదే.

ఇక మిగిలింది లభ్యత. కడియం తెగలేదు, ముద్ర చెడలేదు, రాగి చిలుము పట్టినా అక్షరం పోలేదు. అయినా శాసనం మూగబోయింది, చదివే వారు లేక. నా బోటి వారికి ఇది పరాయి కథ కాదు. 1990లలో అను, శ్రీలిపి ఫాంట్లలో టైపు చేసిన తెలుగు పుటలు ఎన్నో, ఫైలు చెక్కుచెదరకుండా ఉన్నా, ఆ ఫాంటు లేని కంప్యూటరులో అర్థంలేని గుర్తులుగా కనబడతాయి. భద్రంగా ఉండటం వేరు, అందటం వేరు.

రాగిరేకుల మూగతనాన్ని పోగొట్టిన వారిలో ఒకరు ముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు. విజయనగరంలో చదువుకుని, 1880లో పర్లాకిమిడి బడిలో ఉపాధ్యాయులుగా చేరారు. ముఖలింగం ఆలయ శాసనాలమీది ఆసక్తితో ప్రాచీన లిపులను తమంతట తామే నేర్చుకున్నారు. గాంగుల రాజధాని కళింగనగరం సముద్రపు ఒడ్డున ఉన్న కళింగపట్నం అని కొందరు పండితులు అనుకుంటుండగా, అది ముఖలింగమేనని వాదించారు. వాడుకభాషా ఉద్యమకారుడిగానే ఆయనను ఎరిగినవారికి ఈ సంగతి అంతగా తెలియదు.

నరసన్నపేట ప్రాంతంలోనే దొరికిన నడగాం శాసనాన్ని ‘ఎపిగ్రాఫియా ఇండికా’ నాలుగో సంపుటంలో పరిష్కరించి ప్రకటించినదీ ఆయనే. వజ్రహస్తుడు శక సంవత్సరం 979లో, అంటే 1057 ప్రాంతంలో వేయించినది అది. ఆ రాజు పట్టాభిషేకం శక 960లో జరిగిందని అందులో ఉంది.