మార్ఖోర్ వేట: ఏ పోతును కాల్చాలి, దేన్ని వదిలేయాలి? కొమ్ముల వెనుక ఉన్న లెక్క ఏంటి?

పాకిస్తాన్‌లోని చిత్రాల్ కొండల్లో ఒక్క మార్ఖోర్‌ను వేటాడే అనుమతి కోసం 2024లో ఒక అమెరికన్ 2,71,000 డాలర్లు చెల్లించారు. అంటే మన రూపాయల్లో దాదాపు రెండు కోట్ల ముప్పై లక్షలు. 2019లో గిల్గిత్-బాల్టిస్తాన్‌లో ఇలాంటి అనుమతికే 1,10,000 డాలర్లు వస్తే అదే రికార్డు అన్నారు.

ఇంత డబ్బు కట్టినవారు కూడా కనిపించిన ప్రతి మార్ఖోర్‌నూ కాల్చడానికి వీల్లేదు. ఒక అనుమతికి ఒకే జంతువు. అదీ వయసు మళ్లిన మగదై ఉండాలి. ఆడవాటినీ, పిల్లల్నీ, ఎదుగుతున్న పోతుల్నీ వదిలేయాలి. వినడానికి తేలికగా ఉన్న ఈ నిబంధన మీదే అక్కడి వేట విధానమంతా నిలబడి ఉంది. కొండ మీద దాన్ని అమలు చేయడం మాత్రం అంత తేలిక కాదు.

మార్ఖోర్ అంటే ఏమిటి?

ఇది అడవి మేక జాతికి చెందిన జంతువు, పాకిస్తాన్ జాతీయ జంతువు. పర్షియన్ భాషలో 'మార్' అంటే పాము, 'ఖోర్' అంటే తినేది. అయితే ఇది పాముల్ని తినదు. గడ్డి, ఆకులు, లేత కొమ్మలే దీని మేత. స్క్రూలా మెలితిరిగిన కొమ్ముల వల్లే ఈ పేరు వచ్చి ఉంటుందని కొందరు అంటారు.

బాగా ఎదిగిన పోతు 100 కిలోలు దాటుతుంది. దాని కొమ్ములు 160 సెంటీమీటర్ల వరకు పెరుగుతాయి. ఆడదాని కొమ్ములు 25 సెంటీమీటర్లు మించవు. పాకిస్తాన్‌తో పాటు అఫ్గానిస్తాన్, తజికిస్తాన్, ఉజ్బెకిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్, భారత్‌లోనూ ఇవి ఉన్నాయి. మన దేశంలో జమ్మూకశ్మీర్‌లోని కాజీనాగ్, హిర్‌పోరా ప్రాంతాల్లో కొన్ని వందలు మాత్రమే మిగిలాయి.

అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్యాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం దీన్ని అత్యంత కఠినమైన మొదటి అనుబంధంలో ఉంచింది. అంటే దీని కొమ్ములతో వ్యాపారం చేయకూడదు. అయితే 1997లో జరిగిన సైటీస్ సదస్సు పాకిస్తాన్‌కు ఒక మినహాయింపు ఇచ్చింది. స్థానిక సమాజాలే సంరక్షణ బాధ్యత తీసుకున్న చోట్ల వేటాడిన ఆరు మార్ఖోర్‌ల ట్రోఫీలను ఏటా దేశం దాటించవచ్చంది. 2002లో ఆ సంఖ్యను 12కు పెంచింది. గిల్గిత్-బాల్టిస్తాన్, ఖైబర్ పఖ్తూన్‌ఖ్వా, బలూచిస్తాన్ వీటిని తలా నాలుగు చొప్పున పంచుకుంటున్నాయి.

డబ్బు ఎవరికి వెళ్తుంది?

అనుమతి రుసుములో 80 శాతం ఆ లోయలోని గ్రామాలకు, 20 శాతం ప్రభుత్వానికి చేరాలన్నది నిబంధన. గ్రామ సంఘాలు ఈ సొమ్మును కాపలాదారుల జీతాలకు, బడులకు, వైద్యానికి, సాగునీటి కాల్వలకు ఖర్చు చేస్తాయి.

దీనికి మొదటి ఉదాహరణ బలూచిస్తాన్‌లోని తోర్‌ఘర్ కొండలు. 1980ల మధ్యలో అక్కడ మార్ఖోర్‌లు వంద కూడా లేవని అంచనా వేశారు. తుపాకులు ఇంటింటికీ చేరాక విచ్చలవిడి వేట పెరగడమే అందుకు కారణం. స్థానిక జోగెజై తెగ పెద్దలు ముందుకొచ్చి వేటను ఆపించారు. అప్పటిదాకా వేటాడినవారినే కాపలాదారులుగా పెట్టుకున్నారు. ఏటా ఒకటి రెండు ముసలి పోతుల వేటకు విదేశీయుల నుంచి వచ్చిన డబ్బుతో వారికి జీతాలిచ్చారు. 1997 సర్వే నాటికి అక్కడి మార్ఖోర్‌ల సంఖ్య వెయ్యి దాటింది. ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ 2015లో ఈ జాతిని 'అంతరించే ప్రమాదంలో ఉన్నవి' అనే వర్గం నుంచి 'ప్రమాదానికి చేరువలో ఉన్నవి' అనే వర్గానికి మార్చింది.

ముసలి పోతునే ఎందుకు?

మార్ఖోర్‌లలో ఒక పోతు చాలా ఆడవాటితో జతకడుతుంది. అందువల్ల మందలో కొన్ని పోతులు తగ్గినా ఆ ఏడాది పుట్టే పిల్లల సంఖ్య పెద్దగా తగ్గదు. ఒక ఆడదాన్ని చంపితే మాత్రం అది ముందుముందు ఈనే పిల్లలన్నీ పోయినట్టే. అందుకే ఆడవాటి జోలికి వెళ్లరు.

ఇక పోతుల్లో ఎంపిక. అడవిలో మార్ఖోర్ ఆయుష్షు 11 నుంచి 13 ఏళ్లు. తొమ్మిది పదేళ్ల పోతు అప్పటికే కొన్ని శీతాకాలాలు మందను ఏలి ఉంటుంది, దాని సంతతి కొండ మీద తిరుగుతూ ఉంటుంది. మరో రెండు మూడేళ్లలో మంచుకో, ఆకలికో, మంచు చిరుతకో అది ఎలాగూ బలవుతుంది. అయిదేళ్ల పోతు సంగతి వేరు. దాని కాలం ఇంకా మొదలే కాలేదు. దాన్ని ఇప్పుడు కాలిస్తే రాబోయే నాలుగైదేళ్లలో మందకు పెద్ద దిక్కు కావాల్సినది ముందే పోతుంది. పైగా నాలుగేళ్ల తర్వాత వేలానికి పెట్టడానికి ఆ లోయలో ముదురు పోతు ఉండదు. అంటే అది జీవశాస్త్రం ప్రకారమూ నష్టమే, గ్రామం ఆదాయం ప్రకారమూ నష్టమే.

కొండ మీద వయసు ఎలా పోల్చుకుంటారు?

జింకలకూ మేకలకూ ఇక్కడ ఒక ముఖ్యమైన తేడా ఉంది. జింకల కొమ్ములు ఏటా రాలిపోయి మళ్లీ మొలుస్తాయి. మేత బాగా దొరికిన ఏడాది పెద్దవిగా, కరవు ఏడాది చిన్నవిగా వస్తాయి. కాబట్టి జింక కొమ్ముల్ని మాత్రమే చూసి వయసు చెప్పడం కష్టం. మేక జాతి కొమ్ములు రాలవు, బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి. చలికాలంలో పెరుగుదల మందగించి కొమ్ము మీద ఒక వలయం పడుతుంది. చెట్టు కాండంలో వలయాల్లా వాటిని లెక్కపెడితే వయసు తెలుస్తుంది.

అయితే రెండు మూడు వందల మీటర్ల దూరం నుంచి టెలిస్కోప్‌లో చూస్తూ వలయాలు లెక్కపెట్టడం మాటలు కాదు. బురద అంటి ఉండొచ్చు, నీడ పడొచ్చు. కొమ్ము మీద సహజంగా ఉండే గరుకు గీతలు కూడా వలయాల్లా భ్రమ కలిగిస్తాయి. ముసలి పోతుల్లో చివరి వలయాలు కొమ్ము మొదట్లో ఒకదాని పక్కన ఒకటి ఇరుక్కుపోయి ఉంటాయి. అందుకే వలయాలతో పాటు మరికొన్ని గుర్తులు చూస్తారు.

- మెడ, ఛాతీ నుంచి వేలాడే జూలు: ముదురు పోతుకు ఇది మోకాళ్ల దాకా దిగుతుంది. పడుచు పోతుకు పొట్టిగా ఉంటుంది.
- ఒంటి రంగు: వయసు పెరిగేకొద్దీ వీపు, పక్కలు బూడిద తెలుపులోకి మారతాయి. చిన్నవి ఆడవాటిలా గోధుమ రంగులో ఉంటాయి.
- ఒంటి తీరు: ముదురు పోతు ముందు భాగం బరువుగా, పొట్ట కిందికి జారినట్టు కనిపిస్తుంది.
- పక్కనున్నవాటితో పోలిక: ఒంటరిగా ఉన్న పోతు నిజంకన్నా పెద్దగా అనిపిస్తుంది. మందలో ఇంకో పోతు పక్కన నిలబడినప్పుడే అసలు సైజు తెలుస్తుంది.

శీతాకాలంలో ఎద కాలం వస్తుంది. అప్పుడు మంచు వల్ల మందలు కింది వాలులకు దిగుతాయి, విడిగా తిరిగే పోతులు ఆడవాటి దగ్గరికి చేరతాయి. వేటకు ఎక్కువగా ఆ నెలల్నే ఎంచుకోవడానికి కారణం ఇదే. వేటగాడి వెంట వన్యప్రాణి శాఖ సిబ్బంది, గ్రామ కాపలాదారులు వెళ్తారు. ఏ పోతు ఏ వాలులో తిరుగుతుందో, గత ఏడాది ఎలా ఉందో వారికే బాగా తెలుసు. వేట నియమాలు ఏ దేశంలో ఎలా ఉన్నా ఒక సూత్రం అంతటా ఒకటే. వయసు మీద అనుమానం ఉంటే వదిలేయాలి. వదిలేసిన పోతు వచ్చే ఏడాదికి ఇంకా పెద్దదవుతుంది, పొరపాటున కాల్చినది తిరిగి రాదు.

పెద్ద కొమ్ములు వేరు, పెద్ద వయసు వేరు

అసలు చిక్కు ఇక్కడే ఉంది. డబ్బు కట్టిన వేటగాడికి కావాల్సింది పొడవైన కొమ్ము. మందకు మేలు చేసేది వయసు మళ్లిన పోతును ఎంచుకోవడం. చాలాసార్లు ఈ రెండూ ఒకే జంతువులో ఉంటాయి. ఎప్పుడూ కాదు.

ఉదాహరణకు, ఒకే వాలులో రెండు పోతులు కనిపించాయనుకుందాం. ఒకటి పదేళ్లది, కొమ్ములు 38 అంగుళాలు. రెండోది ఆరేళ్లది, కొమ్ములు 42 అంగుళాలు. అంగుళాల లెక్కన రెండోదే గొప్ప ట్రోఫీ. కానీ ఆరేళ్లకే అంతగా ఎదిగినదంటే అది ఆ మందలోకెల్లా మేలైన పోతు కావచ్చు.

మన పల్లెల్లో గొర్రెలు, మేకలు పెంచేవారికి ఇది చెప్పనక్కర్లేదు. బాగా ఎదిగినదాన్ని విత్తనపు పొట్టేలుగా ఉంచుకుని మిగిలినవాటిని కోతకు అమ్ముతారు. కొమ్ముల పొడవే కొలమానంగా పెట్టుకున్న వేట సరిగ్గా దీనికి ఎదురు. విత్తనాన్ని ముందు తీసేసి మిగతావాటితో మందను నడుపుతుంది.

ఇది ఊహ మాత్రమే కాదు. కెనడాలోని అల్బెర్టా రాష్ట్రంలో రామ్ మౌంటెన్ అనే కొండ మీది బిగ్‌హార్న్ అడవి గొర్రెలపై శాస్త్రవేత్తలు మూడు దశాబ్దాలు అధ్యయనం చేశారు. కొమ్ము ఒక నిర్ణీత వంపు తిరిగితే చాలు, వయసుతో పని లేకుండా కాల్చవచ్చన్నది అక్కడి నిబంధన. దానివల్ల త్వరగా ఎదిగిన పొట్టేళ్లు సంతానోత్పత్తిలో చురుకైన వయసు రాకముందే వేటకు బలయ్యాయి. కొమ్ములు మెల్లగా ఎదిగినవి బతికి బట్టకట్టాయి. కాలక్రమంలో మందలో కొమ్ముల సైజే తగ్గిందని 2003లో 'నేచర్' పత్రికలో వచ్చిన పరిశోధన పత్రం చెప్పింది. ఇందులో వారసత్వం పాత్ర ఎంత, మేత కొరత పాత్ర ఎంత అన్న దానిపై ఆ తర్వాత నిపుణుల మధ్య వాదోపవాదాలు నడిచాయి. వేట ఒత్తిడి ఎక్కువగా ఉన్నచోట ఈ ముప్పు ఉంటుందన్నది మాత్రం అప్పటి నుంచి ప్రతి చర్చలోనూ వస్తోంది.

అమెరికాలో తెల్లతోక జింకల వేటలోనూ ఇలాంటి అనుభవమే ఎదురైంది. పెన్సిల్వేనియా రాష్ట్రం 2002లో ఒక నిబంధన తెచ్చింది. కొమ్ముకు ఒకవైపు కనీసం మూడు కొనలు, కొన్ని ప్రాంతాల్లో నాలుగు కొనలు ఉంటేనే మగ జింకను కాల్చాలంది. అంతకుముందు వేటలో పోయే మగ జింకల్లో అత్యధికం ఏడాదిన్నర వయసువే. ఈ నిబంధన తర్వాత చాలా జింకలు పెద్ద వయసు దాకా బతుకుతున్నాయి. మిసిసిపీ రాష్ట్రం 1995లో మొత్తం నాలుగు కొనలుంటే చాలంది. ఏడాదిన్నరకే నాలుగు కొనలు వేసిన చురుకైన జింకలు ముందే పోయాయి, బలహీనమైనవి మిగిలాయి. కొన్ని ప్రాంతాల్లో పెద్ద జింకల కొమ్ములు తగ్గినట్టు పరిశోధకులు గమనించారు. చివరికి ఆ రాష్ట్రం కొనల లెక్క వదిలి కొమ్ముల వెడల్పు, పొడవు చూసే పద్ధతికి మారింది. చిన్నవాటిని కాపాడాలన్న ఉద్దేశం రెండు చోట్లా ఒకటే. గీత ఎక్కడ గీశారన్న దాన్నిబట్టి ఫలితం మారింది.

పాకిస్తాన్‌లో ఈ ముప్పు ఎంత?

కొన్ని వేల మార్ఖోర్‌లున్న దేశంలో ఏటా 12 అంటే చాలా తక్కువ. కెనడా గొర్రెల మీద ఉన్నంత ఒత్తిడి ఇక్కడ లేదు. అయితే ఈ లెక్కను దేశం మొత్తానికి కాకుండా లోయకు వేసి చూడాలి. అనుమతులు బాగా ఆదరణ ఉన్న కొన్ని లోయలకే ఎక్కువగా వెళ్తాయి. ఒక లోయలో తొమ్మిదేళ్లు దాటిన పోతులు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే ఉంటే, ఏటా ఒకదాన్ని తీయడం కూడా చిన్న విషయం కాదు. అందుకే ఏటా లెక్కింపు జరగాలని, మొత్తం సంఖ్యతో పాటు ఏ వయసు పోతులు ఎన్ని ఉన్నాయో తేల్చాలని నిపుణులు కోరుతుంటారు. నేపాల్‌లోని ఏకైక వేట అభయారణ్యం ధోర్‌పాటన్‌లోనూ నీలి గొర్రెల కోటాకు ఆధారం ఇలాంటి లెక్కింపులే.

ధర పెరిగేకొద్దీ ఇంకో ఒత్తిడి కూడా పెరుగుతుంది. కోట్లు కట్టి వచ్చిన మనిషికి కొండ మీద ఉండే రోజులు కొన్నే. వాతావరణం అనుకూలించక, మూడో రోజు కనిపించిన మధ్య వయసు పోతును వదిలేయమని చెప్పడం పక్కనున్న కాపలాదారుకు సులభం కాదు. అతని జీతం ఆ వేట రుసుము నుంచే వస్తుంది.

భారత్ దారి వేరు

మన దేశంలో ఈ ప్రశ్నే తలెత్తదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మార్ఖోర్ మొదటి షెడ్యూల్‌లో ఉంది. దాన్ని వేటాడితే జైలు శిక్ష తప్పదు. వినోదం కోసం వేటకు ఈ చట్టంలో చోటు లేదు. అయినా కశ్మీర్‌లో మార్ఖోర్ పరిస్థితి నిశ్చింతగా లేదు. మేత కోసం వచ్చే గొర్రెలు, మేకల మందలు, వాటి వెంట వచ్చే కుక్కలు, హిర్‌పోరా మీదుగా వెళ్లే మొఘల్ రోడ్డు, నియంత్రణ రేఖ వెంబడి కంచెలు వాటి దారుల్ని కుదించాయి.

డబ్బు కోసం ప్రాణం తీయడాన్ని సంరక్షణ అనకూడదని ఈ వేటను వ్యతిరేకించేవారు అంటారు. ఆ డబ్బే లేకపోతే నాటు తుపాకులు మళ్లీ బయటికొస్తాయని సమర్థించేవారు తోర్‌ఘర్‌ను చూపిస్తారు. ఇద్దరూ ఒప్పుకునే విషయం ఒకటుంది. పడుచు పోతులు పోవడం మొదలైతే ఈ విధానాన్ని సమర్థించుకోవడానికి ఏమీ మిగలదు. ప్రతి వేట తర్వాత వార్తల్లో ముందు కనిపించేవి వేలం ధర, కొమ్ముల పొడవు. వాటికన్నా ముందు చూడాల్సింది కొమ్ము మీద వలయాలు ఎన్ని ఉన్నాయన్నదే.