యూనియన్ కార్డు పుట్టుక

1806లో ఫిలడెల్ఫియా కోర్టు జోళ్లు కుట్టే కార్మికులు ఎనిమిది మందిని దోషులుగా తేల్చింది. కూలి పెంచితే గాని పని ముట్టమని కలిసికట్టుగా నిలబడటమే వాళ్లు చేసిన నేరం. ఒక్కడు అడిగితే బేరం, నలుగురు కలిసి అడిగితే కుట్ర! తలా ఎనిమిది డాలర్ల జరిమానా పడింది. ఇంచుమించు వారం కూలి.

ఈ కుట్ర మరక 1842లో గాని పోలేదు. బోస్టన్ బూట్ల కార్మికుల కేసులో మసాచుసెట్స్ ప్రధాన న్యాయమూర్తి లెమ్యుయెల్ షా, సంఘం పెట్టుకోవడమే నేరం కాదన్నాడు. నేరం కాకపోతే సరా? యజమాని ఆ సంఘంతో మాట్లాడి తీరాలన్న నిబంధన ఎక్కడుంది? పైపెచ్చు, యూనియన్‌లో చేరనని సంతకం పెట్టించుకున్నాకే పనిలో పెట్టుకునే కంపెనీలు ఉండేవి. ఆ కాగితాలు ఫెడరల్ కోర్టుల్లో చెల్లవన్న చట్టం 1932లో వచ్చింది.

ఇవాళ్టి పద్ధతికి మూలం మాత్రం 1935 జులై 5న అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్ట్ సంతకం చేసిన వాగ్నర్ చట్టం. యూనియన్ కావాలనుకున్నవాళ్లు ముందు గుట్టుగా ఒకరినొకరు కదిపి చూసుకుంటారు. ఆపైన కార్డులు తిరుగుతాయి. ఫలానా యూనియన్ నా తరఫున మాట్లాడవచ్చని రాసిన కాగితం మీద పేరు, తేదీ, సంతకం, అంతే. నూటికి 30 మంది సంతకాలుంటే జాతీయ కార్మిక సంబంధాల బోర్డుకు ఎన్నిక కోసం దరఖాస్తు పెట్టొచ్చు. ఆరితేరినవాళ్లు ముప్ఫైతో వెళ్లరు, సగం బాగా దాటితే గాని కదలరు. దరఖాస్తు సంగతి తెలిసిందగ్గర్నుంచి యాజమాన్యం ప్రచారం మొదలుపెడుతుంది, పోలింగు నాటికి కొందరు జారిపోతారు.

రహస్య బ్యాలెట్ మీద సాధారణంగా రెండే గళ్లు: అవును, కాదు. మన సింగరేణి గనుల గుర్తింపు ఎన్నికల్లో ఏ సంఘం అన్నదే ప్రశ్న. అమెరికాలో చాలాసార్లు అసలు సంఘం ఉండాలా అన్నదే ప్రశ్న. పోలైన ఓట్లలో సగం దాటితే గెలుపు.

2021 డిసెంబరులో బఫెలోలోని ఒక స్టార్‌బక్స్ కాఫీ షాపులో 19-8 ఓట్లతో యూనియన్ గెలిచింది. 2022 ఏప్రిల్‌లో న్యూయార్క్ స్టాటెన్ ఐలాండ్ అమెజాన్ గిడ్డంగిలో 2,654-2,131. సంబరాలు జరిగాయి గాని, మూడేళ్లు గడిచినా ఆ రెండు చోట్లా తొలి ఒప్పందం కుదరలేదు. నన్నడిగితే చట్టానికున్న పెద్ద చిల్లు ఇదే. చిత్తశుద్ధితో బేరమాడమంటుంది, ఒప్పుకోమనదు.

పొలం కూలీలనూ ఇళ్లలో పనిచేసేవాళ్లనూ ఆ చట్టం 1935లోనే బయట పెట్టింది, ఇప్పటికీ బయటే ఉంచింది. అందుకే కాలిఫోర్నియా పొలం కూలీలు 1975లో తమ రాష్ట్రం వరకు వేరే చట్టం తెచ్చుకున్నారు.