లిండ్లార్ ఉత్ప్రేరకం

ఆల్కైన్లలోని త్రిబంధాన్ని ద్విబంధం వరకే హైడ్రోజనీకరించి అక్కడ ఆపే పల్లాడియం ఉత్ప్రేరకం. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో హాఫ్‌మన్-లా రోష్ సంస్థ రసాయనవేత్త హెర్బర్ట్ లిండ్లార్ 1952లో దీన్ని ప్రకటించాడు. కాల్షియం కార్బొనేట్ పొడిపై పల్లాడియాన్ని నిలిపి, లెడ్ అసిటేట్‌తో దాని చురుకుదనాన్ని తగ్గిస్తారు. చర్య సమయంలో క్వినోలిన్ కూడా కలుపుతారు. మామూలు పల్లాడియం అయితే చర్య ఆల్కేన్ దాకా సాగిపోతుంది. ఉత్ప్రేరకాన్ని కావాలనే కొంత విషపూరితం చేసి మేలైన ఫలితం రాబట్టడమే ఇందులోని అసలు ప్రతిభ. రెండు హైడ్రోజన్ పరమాణువులూ లోహతలం మీద ఒకే వైపు నుంచి చేరడం వల్ల అంతర్గత ఆల్కైన్ల నుంచి ప్రధానంగా సిస్ ఆల్కీన్ వస్తుంది. విటమిన్-ఎ పారిశ్రామిక సంశ్లేషణలో ఈ పాక్షిక హైడ్రోజనీకరణ కీలకమైన మెట్టు. ఇథిలీన్‌లోని అసిటిలీన్ మలినాన్ని తొలగించే కర్మాగారాల్లో మాత్రం అల్యూమినాపై నిలిపిన పల్లాడియం-వెండి ఉత్ప్రేరకాలు వాడుకలో ఉన్నాయి. అసిటిలీన్ మిగిలితే ఇథిలీన్ నుంచి పాలిథిన్ తయారుచేసే ఉత్ప్రేరకం దెబ్బతింటుంది.